సంధి, తీర్పు: కృష్ణా జలములు నేర్పిన పాఠము

వివాదము పుట్టినచోట మనుష్యునికి కొన్ని దారులే కనబడును. బలమున్నవాడు లాగికొనును. బలము చాలనివాడు న్యాయస్థానమునకు పోవును. ఆ రెంటికిని ఓపిక లేనివాడు మనసులోనే కుములుచు కాలము గడపును. ఇరుపక్షములవారును ఒకచోట కూర్చుండి, ఎవరికేమి కావలెనో చెప్పికొని, ఒక ఒప్పందమునకు వచ్చుట మరియొక దారి. దీనిని పెద్దలు సంధి యనిరి. గ్రామములలో రాజీ యందురు. ప్రభుత్వ భాషలో సంప్రదింపు లందురు. పేరేదైనను ఇది నేర్చుకొనవలసిన విద్య. వ్యాకరణమునకు వలెనే దీనికిని సూత్రములు కలవు. ఆ సూత్రములు తప్పినచో ఎంతటి సాధువులు కూర్చున్నను పని చెడును.

ఈ విద్యకు కృష్ణానదిని మించిన పాఠ్యగ్రంథము తెలుగువారికి దొరకదు. మహారాష్ట్రమున మహాబలేశ్వరము వద్ద పుట్టిన ఈ నది కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల గుండ సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి యొద్ద సముద్రమున కలియుచున్నది. మలప్రభ వచ్చి కలియు కూడలసంగమము బసవేశ్వరుడు ఐక్యమొందిన స్థలము. అటనుండి దిగువకు వచ్చిన నీరే శ్రీశైల మల్లికార్జునుని పాదముల చెంతగా సాగి విజయవాడ చేరును. వీరశైవ కుటుంబములు ఈ నది పొడవునను కలవు. వియ్యమందిన రెండు ఇండ్లలో ఒకటి ఎగువను, ఒకటి దిగువను ఉండుట వింత కాదు. నారాయణపురము ఆనకట్టకు బసవసాగరమని పేరు. దాని వెనుక నిలిచిన నీరు సంగమమును తాకుటచేత ఐక్యస్థలము చుట్టును బావి వంటి గోడకట్టి దానిని కాపాడవలసివచ్చెను. ఎగువ రైతుకు పంటనిచ్చు జలాశయమే యాత్రికునికి క్షేత్రరక్షణ సమస్య యైనది. ఒకే నీటికి ఇన్ని ముఖములున్నపుడు తగవు పుట్టుటలో ఆశ్చర్యమేమి కలదు?

పట్టు వేరు, అవసరము వేరు

తగవు మూలము తెలియవలెనన్న విజయవాడ ఆనకట్టతో మొదలు పెట్టవలెను. సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన ఆ ఆనకట్టను కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో ప్రారంభించి 1855లో ముగించిరి. 1952లో దానికి గండిపడెను. ఆ తరువాత కొంచెము ఎగువన కట్టి 1957లో ప్రారంభించినదే ప్రకాశము బ్యారేజి. తూర్పు, పశ్చిమ డెల్టాలు కలిపి సుమారు 13 లక్షల ఎకరములు నేడు దీనిపై ఆధారపడియున్నవి. కావున డెల్టా రైతు వాదము సులభముగ ఊహింపవచ్చును: “నూరేండ్లకు పైగా మేము వాడుకొనుచున్న నీరు మాది.” ఎగువవారి వాదమును అంత సులభమే: “నది పుట్టినది మా కొండలలో, వాన కురిసినది మా నేలపై. మా పొలములెండగా నీరు దిగువకేల పోవలెను?”

ఈ రెండు మాటలును పట్టులు. పట్టునకు పట్టు ఎదురైనపుడు ఒకరు గెలువవలెను, ఒకరు ఓడవలెను, లేదా ఇద్దరును అలసిపోవలెను. పట్టు వెనుక నున్న అవసరమును అడిగి తెలిసికొన్నచో చిత్రము మారిపోవును. డెల్టా రైతునకు నిజముగ కావలసినది ఏరువాక దాటగానే నారుమళ్ళకు నీరు. జూన్, జూలై నెలలలో కాలువకు రాని నీరు అక్టోబరులో రెట్టింపుగా వచ్చినను అతనికి ఉపయోగము తక్కువ. నాట్లు ఆలస్యమైనచో పంట కోతకు వచ్చు వేళకు తుపానుల కాలము వచ్చిపడును. బీజాపురము, రాయచూరు ప్రాంతముల రైతునకు కావలసినది వాన నమ్మలేని మెట్ట నేలకు ఒక ఆధారము. మహారాష్ట్రము కోయన నీటిని పడమరకు మళ్ళించుటలోని ముఖ్యోద్దేశము విద్యుత్తు. ఒకరిది కాలమునకు సంబంధించిన అవసరము, ఒకరిది భద్రతకు సంబంధించినది, ఒకరిది శక్తికి సంబంధించినది. “నీరు నాది” అను ఒక్క వాక్యములో ఈ భేదములన్నియు మాయమగును.

1981లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన రోజర్ ఫిషర్, విలియం యూరీ అనువారు ‘గెటింగ్ టు యెస్’ అను గ్రంథమును వెలువరించిరి. పట్టుకును అవసరమునకును గల ఈ భేదమే ఆ గ్రంథమునకు ఆయువుపట్టు. నిజమునకు పల్లెలలో తగవు తీర్చు అనుభవజ్ఞులు ఏనాటినుండియో “అది సరే, నీకు కావలసినదేమి?” అని అడుగుచునే యున్నారు. గ్రంథకర్తలు చేసిన మేలు ఏమన, ఆ ప్రశ్నకు శాస్త్రమున ఒక స్థానము కల్పించుట.

సంతకము చేయని పక్షము

1951 జూలైలో ప్రణాళికాసంఘము ఢిల్లీలో ఒక సమావేశము జరిపి కృష్ణా, గోదావరి జలములను రాష్ట్రములకు పంచుటకు ఒక ఒప్పందము సిద్ధము చేసెను. కాగితముపై అది చక్కగనే యున్నది. కాని మైసూరు రాష్ట్రము దానిని ధ్రువపరచలేదు. గోదావరి విషయమున ఒరిస్సాను పిలువనే లేదు. ఇంతలో 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగి, ఎవరి పేర పంపకము చేసిరో ఆ రాష్ట్రముల సరిహద్దులే మారిపోయెను. తరువాత కాలమున ఈ పత్రమును ఆధారముగ చూపదలచినవారికి అది నిలువలేదు.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. పంపకపు అంకెలు తప్పుగ నుండుటచేత ఆ ఒప్పందము పోలేదు. కట్టుబడవలసినవారిలో ఒకరు కట్టుబడనందున పోయినది. ఇంటి పంపకములలోను ఇదే జరుగుచుండును. నలుగురు అన్నదమ్ములలో ముగ్గురు ఒప్పుకొని, ‘నాలుగవవాడు చిన్నవాడు, వానికి మేము చెప్పెదము’ అని పత్రము వ్రాసికొందురు. పది యేండ్ల తరువాత ఆ చిన్నవాడే వకీలును వెంటబెట్టుకొని వచ్చును. వాడు వచ్చుట అన్యాయమని ఎవరనగలరు?

కొలత కుదిరిన నాడు

1969 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వము కృష్ణాకు ఒకటి, గోదావరికి ఒకటి ట్రిబ్యునళ్ళను నియమించెను. రెండింటికిని అధ్యక్షుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆర్. ఎస్. బచావత్. ఒకే న్యాయమూర్తి, ఒకే కాలము, ఇంచుమించుగ అవే రాష్ట్రములు. అయినను రెండు నదుల కథలు రెండు విధములుగ నడచినవి. సంప్రదింపుల విద్య నభ్యసించువారికి ఇంత చక్కని పోలిక అరుదు.

కృష్ణా విషయమున మొదటి ప్రశ్న, పంచవలసిన నీరెంత? దీనికి సమాధానము విజయవాడలోనే యున్నది. ఆనకట్ట మీదుగ పొర్లిపోవు నీటి లోతును, కాలువలకు వదలిన నీటిని ఇచట ఏండ్ల తరబడి వ్రాసి ఉంచిరి. 1894-95 నుండి 1971-72 వరకు 78 సంవత్సరముల లెక్క అట్లు లభించినది. కాని లోతును బట్టి పరిమాణము కట్టుటలో ఏ గుణకము వాడవలెనన్నది వాదమునకు గురియైనది. గుణకము కొంచెము మారినచో వందల కోట్ల ఘనపుటడుగుల నీరు పుట్టును, లేదా మాయమగును. ఎగువవారికి నదిలో నీరెక్కువయని చూపుట లాభము, దిగువవారికి తక్కువయని చూపుట లాభము. నిపుణులను తెచ్చి ఏండ్ల తరబడి వాదింపవచ్చును.

కాని అట్లు వాదించుచు కూర్చుండక మూడు రాష్ట్రములును ఒక అంకెకు ఒప్పుకొనెను. నూటికి డెబ్బదియైదు ఏండ్లు తప్పక లభించు నీరు 2,060 టి.ఎం.సి.లు. టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. డెబ్బదియైదు శాతము అనుమాట కొందరికి క్లిష్టముగ తోచవచ్చును. ఇన్నేండ్ల ప్రవాహములను పెద్దదానినుండి చిన్నదానివరకు వరుసగ పేర్చినచో, నాలుగింట మూడు వంతుల యేండ్లలో ఇంతకు తగ్గదని దాని అర్థము. నాలుగవ వంతు యేండ్లలో తగ్గును. ఆ కరవు యేండ్లలో ఎంతెంత తగ్గించుకొనవలెననుటయే నేటికిని తగవునకు ఒక కారణమని ఇక్కడనే గుర్తుంచుకొనుట మంచిది.

కొలత కుదిరిన తరువాత రెండవ మెట్టు: ఇదివరకే వాడుకలో నున్నదానిని కదపకుండుట. 1960 సెప్టెంబరు నాటికి నడచుచున్న, లేదా పరిశీలనలో నున్న పథకములకు రక్షణ కల్పించిరి. ఆ విధముగ మహారాష్ట్రమునకు 439.65, కర్ణాటకకు 504.55, ఆంధ్రప్రదేశ్‌కు 749.16, మొత్తము 1,693.36 టి.ఎం.సి.లు పక్కకు వచ్చినవి. కృష్ణా డెల్టాకు 181.20 నిర్ణయమయ్యెను. ఇక నిజముగ తగవు పడవలసినది సుమారు 367 టి.ఎం.సి.ల కొరకే. రెండువేల అంకెతో ప్రారంభమైన కలహము నాలుగువందలకు లోపలికి దిగినది. తగవు మొత్తమును ఒకేసారి మీద వేసికొనక, ఒప్పుకొన్నదానిని ఒక్కొక్కటిగ వేరుచేసి, మిగిలిన దానిపైననే వాదించుట ఎంతటి మేలో ఈ అంకెలే చెప్పుచున్నవి. కుటుంబములలో పొలము, ఇల్లు, బంగారము, పాత అప్పు, పెండ్లి ఖర్చు, తాతనాటి అవమానము అన్నిటిని ఒకే పూట ఒకే పంచాయతీలో కుమ్మరించువారు దీనిని చూచియైన నేర్చుకొందురు గాక.

1973 డిసెంబరున నివేదిక, 1976 మేలో తదుపరి నివేదిక వెలువడెను. మహారాష్ట్రమునకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800. పొలములనుండి తిరిగి నదిలో చేరు నీటిని లెక్కించి వరుసగ 25, 34, 11 కలిపి, 585, 734, 811 టి.ఎం.సి.లుగ తుది లెక్క తేలినది.

అయితే ట్రిబ్యునలు రెండు పద్ధతులను సిద్ధము చేసినది. మొదటిదానిలో ఎవరి వాటా వారిది. మిగులు నీటిని కడపటి రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్ వాడుకొనవచ్చును గాని దానిపై హక్కు పుట్టదు. రెండవదానిలో ఉమ్మడి అధికారసంస్థ యొకటి ఏర్పడి, మిగులును తగులును కూడ అందరును పంచుకొందురు. రెండవదానికి అందరి అంగీకారము కావలెను. ఆంధ్రప్రదేశ్ అంగీకరింపలేదు. నాటి లెక్కకు అది సహజమే. మిగులంతయు చేతికందుచుండగా దానిని పంచుటకు ఎవరు ముందుకు వత్తురు? కాని ఒప్పందమును కాదను ముందు వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు: నేడు చేతిలో నున్నది రేపును నిలుచునా? ‘వాడుకో, కాని హక్కు లేదు’ అను మాట ఎంత పలుచని కొమ్మయో 2010లో తేలినది. 2004లో ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునలు ఆ మిగులు నీటిని కూడ రాష్ట్రముల మధ్య పంచెను. దాని నిర్ణయమును గెజిట్‌లో ప్రకటింపకుండ 2011లో సుప్రీంకోర్టు ఆపివేసినది. తీర్పు వచ్చియు తగవు తీరకపోవుటకు ఇంతకంటె దృష్టాంతము అక్కరలేదు. వ్యాజ్యములో ఓడినవాడు కచేరిలో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చునను సామెత ఊరక పుట్టలేదు.

మదరాసు దాహము

అదే కాలమున, అదే నదిపై, అవే మూడు రాష్ట్రములు ఒక్క మాటపై నిలిచిన సందర్భమును కలదు. మదరాసు నగరము త్రాగునీటికి కటకటపడుచుండెను. 1976 ఏప్రిల్ 14న మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు తమ తమ వాటాలనుండి తలకొక 5 టి.ఎం.సి.ల చొప్పున 15 టి.ఎం.సి.లు ఇచ్చుటకు ఒప్పుకొనెను. తమలో తాము ఒక్కొక్క టి.ఎం.సి. కొరకు ట్రిబ్యునలు ముందు పోరాడినవారే నదీపరీవాహములో లేని నగరమునకు నీరిచ్చిరి.

ఇది ఎట్లు సాధ్యమైనది? అడిగినది పంటకు కాదు, దాహమునకు. ఇచ్చునది ముగ్గురికిని సమానము, కావున ‘నేనెక్కువ పోగొట్టుకొంటిని’ అనువాడు లేడు. ఎంత ఇవ్వవలెనో అంకె చిన్నది, స్పష్టమైనది. 1983 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడులు నిర్మాణపు ఒడంబడిక చేసికొనెను. శ్రీశైలమునుండి బయలుదేరు తెలుగుగంగ అట్లు రూపొందినది. అయినను నీరు తమిళనాడు సరిహద్దు చేరినది 1996లో. మాట కుదిరిన ఇరువది యేండ్లకు. సంతకముతో పని ముగియదు. కాలువ త్రవ్వు వ్యయము, దారిలో రాయలసీమ పొలములకు నీరు, నష్టములు, ఇవన్నియు మరల మరల కూర్చుండి మాటాడవలసిన విషయములే. ఆ ఇరువదియేండ్లును ఓపికపట్టినవారు లేకున్నచో 1976 నాటి సద్బుద్ధి కాగితముగనే మిగిలెడిది.

గోదావరి కథ

ఇప్పుడు రెండవ నదిని చూతము. గోదావరి ట్రిబ్యునలు ముందర కూడ వాదములు మొదలైనవి. కాని 1975 డిసెంబరు 19న రాష్ట్రములు ఒక ఒప్పందమునకు వచ్చినవి. తరువాత ఒక్కొక్క ఉపనదికి, ఒక్కొక్క పథకమునకు, ఇద్దరిద్దరుగ, ముగ్గురు ముగ్గురుగ ఒడంబడికలు వ్రాసికొన్నవి. 1980 జూలైలో వెలువడిన తుది నిర్ణయములో అధికభాగము ఈ ఒప్పందములకు ముద్రవేయుటయే. న్యాయమూర్తి తీర్పరిగ మొదలై సాక్షిగ మారెనని చెప్పవచ్చును.

గోదావరిలో నీరు సమృద్ధి, కృష్ణలో కొరత, అందుచే పోలిక సరికాదని కొందరందురు. ఈ ఆక్షేపణలో నిజము లేకపోలేదు. కూడు నిండుగ నున్న ఇంట తగవు తక్కువ. కాని ఆ సమృద్ధియే కృష్ణ కొరతకు మందుగ ఉపయోగపడుట ఇందలి విశేషము. పోలవరమునుండి 80 టి.ఎం.సి.ల గోదావరి నీటిని ప్రకాశము బ్యారేజి ఎగువన కృష్ణలో కలుపుటకు 1978లో ఒప్పందము కుదిరినది. డెల్టాకు గోదావరి నీరు వచ్చినచో అంత కృష్ణా నీరు ఎగువన మిగులును. ఆ 80లో 45 ఆంధ్రప్రదేశ్‌కు, 35 ఎగువ రాష్ట్రములకు. అందు కర్ణాటకకు 21, మహారాష్ట్రమునకు 14. ఉన్న కుండను పగులగొట్టి పెంకులు పంచుకొనుటకు బదులు పక్క బావినుండి మరియొక కుండ తెచ్చుట యనగా ఇదియే.

నీరు వచ్చుటకు మాత్రము చాల కాలము పట్టెను. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకము ప్రారంభమై, ఆ సెప్టెంబరులో గోదావరి నీరు ఇబ్రహీంపట్నము ఫెర్రీ యొద్ద కృష్ణలో కలిసెను. విజయవాడ వారు దానిని పవిత్ర సంగమమని పిలుచుచున్నారు. శ్రీశైలము, నాగార్జునసాగరము నిండకముందే డెల్టా నారుమళ్ళకు నీరందుట అప్పటినుండి సాధ్యమైనది. ముందు చెప్పిన కాలావసరము తీరిన తీరు ఇది. కృష్ణానీటిలో ఒక్క టి.ఎం.సి. అధికముగ గెలువకయే డెల్టా రైతు కోరిక చాలవరకు నెరవేరినది.

ఇంత మెచ్చుకొనిన తరువాత ఒక లోపమును చెప్పక పోరాదు. పోలవరము జలాశయపు ఎత్తుపై 1980 ఏప్రిల్ 2న ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒరిస్సా ప్రతినిధులు సంతకములు చేసిరి. నీరు ఎవరి ఊళ్ళను ముంచునో ఆ కోయలు, కొండరెడ్లు ఆ గదిలో లేరు. ప్రభుత్వములు వారి తరపున మాటాడినవని చెప్పవచ్చును. కాని ఇల్లు విడువవలసినవానిని అడుగకయే ఇంటి ఎత్తు కొలిచినట్లయినది. తరువాతి దశాబ్దములలో పునరావాసమునకు సంబంధించిన బాధలు, ఒడిశా సుప్రీంకోర్టున వేసిన దావా, 2014లో ఖమ్మము జిల్లా ముంపు మండలములను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుట, ఇవన్నియు ఆ ఖాళీ ఆసనమునుండి పుట్టినవే. 1951లో పిలువబడని ఒరిస్సా, 1980లో పిలువబడని అడవిబిడ్డలు: పొరపాటు ఒకటే, స్థాయి వేరు.

ఆసనము విషయమున పన్నెండవ శతాబ్దపు కళ్యాణము స్మరింపదగినది. అనుభవమంటపమున అల్లమప్రభువు శూన్యసింహాసనము నధిష్ఠింపగా, పడవ నడుపు అంబిగర చౌడయ్యయు, బట్టలుతుకు మడివాళ మాచయ్యయు, చెప్పులు కుట్టు హరళయ్యయు, స్త్రీలైన శరణులును తమ తమ అనుభవమును తామే పలికిరి. వారి తరపున మరియొకరు పలుకలేదు. అక్కమహాదేవి సభలో కఠినమైన ప్రశ్నల నెదుర్కొని సమాధానము చెప్పియే స్థానము పొందినదని చెప్పుదురు. ప్రశ్న తీవ్రముగ నుండవచ్చును, ప్రశ్నించువాడు మనిషిని చిన్నబుచ్చరాదు. ఈ మర్యాద నీటి తగవునకును, పొలము గట్టు తగవునకును సమానముగ వర్తించును.

తూము దగ్గర

రాష్ట్రముల మాట అటుంచి, బ్యారేజి దిగువకు వత్తము. విజయవాడ నగరము నడుమగా ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ సాగిపోవును. వీటి చివర కృత్తివెన్ను, బంటుమిల్లి, నాగాయలంక, కోడూరు ప్రాంతముల శివారు భూములు కలవు. సముద్రమునకు చేరువగుటచే అచట తీపినీరు తగ్గినచో ఉప్పు పైకి వచ్చును. కాలువ మొదట నున్నవాడు తూము తీసికొని నిండుగ పెట్టుకొన్నచో చివరివానికి తడి కూడ అందదు. మహారాష్ట్రమునకును ఆంధ్రమునకును గల తగవే ఇచట ఎకరాల లెక్కన జరుగును. మొదటివానికి లస్కరు బంధువైనచో మరియు చిక్కు.

ఉదాహరణకు శివారు రైతు ఒకడు ఎగువ రైతు నొద్దకు పోయినాడనుకొందము. “ఏం బాబాయ్, మీ చేలో మోకాల్లోతు నీళ్ళున్నాయి, మా నారుమళ్ళు బీటలు వారుతున్నాయి, కాలువ మీ ఒక్కరిదేనా?” అని ఆరంభించెనేని సంభాషణ అచటనే ముగిసినది. పెద్దాయన తన హక్కు చెప్పును, ఇతడు తన హక్కు చెప్పును, సాయంకాలమునకు తూము మీద పారలు లేచును.

అట్లు గాక ఇట్లు అడిగెననుకొందము:

“బాబాయ్, మీ నాట్లు ఎన్నాళ్ళకు పూర్తవుతాయి?”

“వచ్చే బుధవారానికి అవుతాయిరా అబ్బాయ్. ముఠా దొరక్క ఆగిపోయాను గానీ, లేకపోతే ఈపాటికే అయిపోయేవి.”

“నాట్లు అయితే తూము దించుతారా?”

“నాట్లు పడ్డాక నాలుగు రోజులు నీళ్ళు రాకపోయినా నాకేం? ఉన్న తడి చాలు.”

“మా ఊళ్ళో ముఠా నీళ్ళు లేక ఖాళీగానే ఉంది బాబాయ్. రేపు పొద్దున్నే పంపిస్తాను. ఆదివారానికి మీ పని అయిపోతుంది, సోమవారం తూము దించండి.”

అడుగకమునుపు ఎగువ రైతుకు కూలీల కొరత యున్నదని శివారువానికి తెలియదు. శివారు ఊరిలో ముఠా ఖాళీగ నున్నదని ఎగువవానికి తెలియదు. ఇద్దరును నీటిని గూర్చియే వాదించి యున్నచో ఆ సంగతి బయటపడెడిది కాదు. ఒకరి కొరత మరియొకరి యొద్ద నిలువయై యుండుట పల్లెలలో అరుదు కాదు. దానిని వెదకుటకు ప్రశ్న కావలెను. వాదమున ప్రశ్న యుండదు, జవాబులే యుండును.

అయితే ఇద్దరి మంచితనముపై ప్రతి యేటను ఆధారపడుట సాధ్యము కాదు. అందుచేతనే వంతులవారీగ నీరు వదలు పద్ధతి ఏర్పడెను. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణకై చట్టము చేసి, ఆయకట్టు రైతులచే ఎన్నుకొనబడు నీటి సంఘములను ఏర్పరచెను. సంఘములు కొన్నిచోట్ల చక్కగ నడచినవి, కొన్నిచోట్ల పేరునకు మిగిలినవి. చక్కగ నడచినచోట రెండు లక్షణములు కనబడును. వంతుల పట్టిక నాట్లకు ముందే అందరి యెదుట చదివి వినిపింతురు. తగవు వచ్చినపుడు కాదు. ఎవరి తూము ఎన్ని గంటలు తెరచియుండునో శివారు రైతు తానే వచ్చి చూచుకొనవచ్చును. దాపరికము లేనిచోట అనుమానమునకు తావు తక్కువ. ఎగువవాడు నిజముగ న్యాయముగనే తీసికొన్నను, దిగువవానికి కనబడనిచో అది దొంగతనమువలెనే తోచును.

మధ్యవర్తిని గూర్చి ఒక మాట. 1960లో ప్రపంచబ్యాంకు మధ్యవర్తిత్వముతో భారత, పాకిస్తానములు సింధు జలముల ఒడంబడిక చేసికొని ఆరు నదులను చెరి మూడుగ పంచుకొనెను. యుద్ధములు వచ్చినను అది నిలిచినది. 2025 ఏప్రిల్‌లో భారతదేశము దాని అమలును నిలిపియుంచినది. ఆరు దశాబ్దములకు పైగా అది నిలుచుటకు ఒక కారణము ఏమనగా, మధ్యవర్తి మాటలతో పాటు కాలువలు, జలాశయములు కట్టుటకు ధనమును కూడ సమకూర్చెను. గ్రామములో మధ్యవర్తి ధనమీయనక్కరలేదు. కాని రెండు పక్షముల లెక్కలను విడివిడిగ విని, ఒకరి రహస్యమును మరియొకరికి చెప్పక, తనకు లాభము లేదని ఇద్దరికిని నమ్మకము కలిగింపవలెను. మఠాధిపతులను తగవులకు పిలుచు ఆచారము నేటికిని పలుచోట్ల కలదు. వారు ముందుగ తీర్పు చెప్పుటకంటె ముందుగ వినుటకు పిలువబడితిమని తలచినచో పని సులువగును.

2014లో రాష్ట్రము రెండైన తరువాత కృష్ణా తగవు కొత్త ఇంట ప్రవేశించెను. అంతవరకు ఎగువ దిగువలుగ నుండి ఒకే రాష్ట్రముగ వాదించినవారు ఇరుపక్షములైరి. 811 టి.ఎం.సి.లలో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని 2015 జూన్‌లో ఒక తాత్కాలిక ఏర్పాటు కుదిరినది. ఆ యేటి కొరకు చేసిన తాత్కాలికము తరువాతి యేండ్లకును సాగినది. తమ పరీవాహ ప్రాంతమును బట్టి అది అన్యాయమని తెలంగాణ వాదించుచున్నది. 2023 అక్టోబరులో కేంద్రము ఈ పంపకమును బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునలుకే అప్పగించెను. ఆ నవంబరు నెల కడపట నాగార్జునసాగరము ఆనకట్టపై రెండు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగ నిలుచు పరిస్థితి వచ్చినది.

ట్రిబ్యునలు ముందర వాదములు సాగుచుండగా, నదీ యాజమాన్యమండలి సభ్యకార్యదర్శియు, రెండు రాష్ట్రముల ముఖ్య ఇంజనీర్లును కూడిన ముగ్గురి సంఘము కూర్చుండి, జలాశయములలో నేడెంత యున్నది, త్రాగుటకెంత, నారుమళ్ళకెంత అని లెక్క చూచి నీరు వదలించుచున్నది. 1894లో ఆనకట్ట వద్ద ప్రారంభమైన లోతు కొలత వలెనే, ఇప్పుడు ఏ కాలువకు ఎంత పోవుచున్నదో చూపు టెలిమెట్రీ యంత్రములను ఎచటెచట పెట్టవలెననుటయు ఈ సంప్రదింపులలో ఒక ముఖ్యవిషయమైనది.